రాళ్ల మడి ఖాళీ కాదు

రోజు 1. మొలకలు: 0

ఈ పుస్తకం వార్డు ఆఫీసువాళ్లు ఇచ్చారు. ఇందులో మూడు గడులున్నాయి: రోజు, మొలకల సంఖ్య, రిమార్కులు. రిమార్కుల గడి నా బొటనవేలంత ఉంది. నాకది ఏ మూలకీ చాలదు. కాబట్టి గడి దాటి రాస్తాను, వెనక పేజీలోకి పోతాను, అవసరమైతే అట్ట మీద కూడా రాస్తాను. చదివేవాళ్లకు కళ్లు నొప్పెడితే ఆ పాపం నాది కాదు.

నా పేరు చౌడేశ్వరి. యాభై రెండేళ్లు. గుట్టవాకిలి నాలుగో వార్డు. ఇరవై ఏళ్లు గ్రానైట్ క్వారీలో రాళ్లు కోశాను. ఇంట్లో నేనూ మా అత్త సుంకులమ్మా ఉంటాం. మా ఆయన గొడుగు స్టేషన్లో పనిచేస్తాడు, మూడు నెలలకోసారి వస్తాడు. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు రాళ్ల మడి ఉంది. దాన్ని మీరు ఖాళీ నేల అని రాశారు.

ఖాళీ! పుష్యమాసంలో, తొట్టిలో నీళ్లు పలకలా గడ్డకట్టిన పొద్దున, మీ సర్వేయరు వచ్చాడు. చేతులు జేబుల్లోంచి తియ్యకుండా మడి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. "రాళ్లు తప్ప ఏం లేదు" అని రాసుకుని పోయాడు. చలికాలంలో అడవి మొక్కల గడ్డలు నేల కింద పడుకుంటాయని రెండో క్లాసు పిల్లలకు కూడా తెలుసు. నిద్రపోయే మనిషి ఇంటికి వచ్చి, తలుపు కూడా తట్టకుండా, ఇక్కడ ఎవరూ లేరని రాసుకుని పోతారా ఎవరైనా?

ఖాళీ నేల అని తేలితే అక్కడ వెచ్చిల్లు కడతారు. వార్డుకొకటి కడుతున్నారు. మధ్యలో వేడినీళ్ల గొట్టాలు, చుట్టూ బెంచీలు. చలికి ఆగలేని ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు పొద్దంతా కూర్చోవచ్చు. మంచి పనే, కాదనను. ఎండను ఆపడానికి ఆకాశంలో గొడుగు కట్టకముందు మా అత్త తల మీద తడిగుడ్డ వేసుకుని పనికి పోయేదట. ఇప్పుడు అదే ఊళ్లో మూడు దుప్పట్లు కప్పుకుని కూడా వణుకుతుంది. కానీ కట్టడానికి మా మడే దొరికిందా? పెద్ద గొట్టం మా వెనక సందులోంచి పోతుందట. మలుపు తిప్పడం కష్టమట. అందుకని నలభై ఒక్క గడ్డల మీద సిమెంటు పోస్తారట.

అభ్యంతరం రాసిచ్చాను. నలభై రోజులు గడువిచ్చారు. ఉగాది ముందురోజుకు పన్నెండు మొలకలుంటే జీవనేల, లేకపోతే ఖాళీ నేల. లెక్క రోజూ నేనే రాయాలట. రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మీలాగా చూడకుండా రాయను.

రోజు 3. మొలకలు: 0

సర్వేయరు మళ్లీ వచ్చాడు. పేరు మహబూబ్ పీరా. ముప్పై ఏళ్లుంటాయేమో. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పంపేదాన్ని.

"అక్కా, మొలకంటే ఏందో రూలు చదువుతా, ఇను," అన్నాడు. "నేల పైకి వచ్చిండాల. ఒక ఆకన్నా విప్పిండాల. ముడుచుకోనుండే ఆకు లెక్కలోకి రాదు."

"ఈ రూలు ఎవురు రాసినారు నాయనా?"

"పైనోళ్లు."

"ఆ పైనోళ్లు ఎప్పుడన్నా వంగి నేల చూసినారా?"

పీరా నవ్వాడు. "నన్నెందుకక్కా తిడతావు, నేను కొలిచేటోన్ని," అన్నాడు. టీ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ పోయాడు.

అత్త లోపల్నుంచి అంతా వింది. ఆమెకు ఎనభై ఒకటి. కళ్లకు పొర కమ్మి వెలుతురు, నీడ తప్ప ఇంకేం కనబడవు. నోటికి మాత్రం ఏ పొరా రాలేదు.

"టీ గూడా ఇస్తివామే? ఇంగ బిర్యానీ వండిపెట్టు. మన మడి తొవ్వేదానికి బలమొస్తాది."

రోజు 6. మొలకలు: 0

పొద్దున తొట్టి మీద మంచు పగలగొట్టాను. రాళ్ల సందుల్లో పడ్డ వేపాకులు ఏరాను. అత్తను చెయ్యి పట్టుకుని తెచ్చి మడి ఒడ్డున పీట మీద కూర్చోబెట్టాను. ఆమె ఒక్కో రాయి అడుగుకీ వేలు పోనిచ్చి చూసింది.

"ఇంకా పొడిగానే ఉండాది. రాయడుగున సెమ్మ పట్టినప్పుడు లేస్తాయి. అంతవరకు నువ్వు వాటి నెత్తిన కూసోని అరిసినా లేయవు."

ఈ మడి ఎలా వచ్చిందో రాస్తాను, మీ రికార్డులో లేదు కాబట్టి. క్వారీ మూసేసిన రోజు, పనికిరాని ముక్కలు ఎవరికి కావాలంటే వాళ్లు తోలుకుపోవచ్చన్నారు. నేను రెండు ట్రాక్టర్లు తోలాను. ఆ ఏడే కొత్త రోడ్డు కోసం మా ఊరి గుట్టను తవ్వారు. అత్త యంత్రం ముందు నడుస్తూ, డ్రైవర్ తిడుతున్నా వినకుండా, ఒళ్లో గడ్డలు ఏరుకొచ్చింది. నక్కవుల్లి, అడవినాభి, నేలతాడి, అడవి కంద, పిల్లిపీచర. పద్దెనిమిదేళ్లయింది. ఆ గుట్ట ఇప్పుడు లేదు. ఆ గుట్ట మీద బతికినవాటిలో మిగిలింది మా మడిలో ఉన్నదే.

సాయంత్రం వెచ్చరాళ్లు కాల్చాను. ఊరంతా చేసే పనే ఇది. అరచేయంత గ్రానైటు ముక్కల్ని పొయ్యి మీద కాల్చి, గోనెపట్టాలో చుట్టి, దుప్పటి కింద పెట్టుకుంటాం. అత్తకు ఆరు, నాకు రెండు.

రోజు 9. మొలకలు: మీ లెక్కలో ఏమో, నా లెక్కలో 1

ముందు అత్త వేలికి తగిలింది. కళ్లున్నదాన్ని, నేను చూడలేదు.

తూర్పు మూల పెద్ద రాయి పక్కన, ఇసుకలో, పెన్సిలు మొనంత. ముట్టుకోగానే అత్త "నక్కవుల్లి" అంది. "పూలకాడ ఇది. ముందు పువ్వు, ఆనెక ఆకు. దీని తిక్క దీనిది." సాయంత్రానికి రెండంగుళాలు లేచింది. ఊదారంగు, నున్నగా, కొసన మొగ్గలు కిక్కిరిసి. నాకు ఏడుపొచ్చింది. యాభై రెండేళ్లొచ్చాక పెన్సిలు ముక్కంత కాడను చూసి ఏడవడమేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వుకోండి.

రోజు 10. మొలకలు: 0

పీరా వచ్చాడు. వంగి చూశాడు. స్కేలు పెట్టి కొలిచాడు.

"ఆకు యాడక్కా?"

"ఆకు తర్వాత వస్తాది. దీనికి ముందు పువ్వు."

"పువ్వుకు గడి లేదక్కా."

నేను గడ్డపార తీసుకోలేదు. అది ఇక్కడ రాసుకోవలసిన విషయం. పువ్వుంది, కానీ ఆకు లేదు కాబట్టి మొలక కాదట! పుట్టి ఏడుస్తున్న బిడ్డకు పళ్లు రాలేదు కాబట్టి మనిషి కాదని రాసే రకం మీరు. ఈ రూలు రాసిన మహానుభావులు ఒక్క మాఘమాసంలో, ఒక్క పొద్దున, ఒక్క రాయి పక్కన చతికిలబడి చూసి ఉంటే ఈ కర్మ మాకు పట్టేది కాదు. వాళ్లు మొక్కల్ని చూసింది బొమ్మల పుస్తకంలో. అందులో అన్నిటికీ ఆకులుంటాయి.

పీరా కూడా ఇబ్బందిపడ్డాడు. "ఇంకేమన్నా రుజువుందా అక్కా? పటమో, కాగితమో? ఏ గడ్డ యాడ నాటినారో?"

ఉంది.

రోజు 11. మొలకలు: 0

అత్తకు అక్షరం ముక్క రాదు. ముగ్గు వచ్చు. మడి కట్టిన ఏటి నుంచి ఆమె ఒక పుస్తకం పెట్టుకుంది. ఏడాదికో పేజీ. చుక్క పెడితే రాయి. చుక్క చుట్టూ ఒంటి మెలిక తిరిగితే దాని పక్కన నక్కవుల్లి ఉన్నట్టు. రెండు మెలికలైతే అడవినాభి. రేక గీస్తే నేలతాడి. చుక్కలోంచి కిందికి తోక దిగితే పిల్లిపీచర, ఎందుకంటే దాని వేర్లు అలా దిగుతాయి. చక్రం గీస్తే కంద. గడ్డ చచ్చిపోతే ఆ మెలిక చెరిపేస్తుంది. నిరుటి పేజీలో, కళ్లు పూర్తిగా పోకముందు గీసినదాన్లో, లెక్కపెట్టి చూడండి: నలభై ఒక్క బొమ్మలు. ఆ పేజీ పట్టుకుని కళ్లు మూసుకుని మడిలో నడవొచ్చు. మా అత్త నడుస్తుంది కూడా.

పుస్తకం వార్డు ఆఫీసుకు తీసుకెళ్లాను. కౌంటరులో అమ్మాయి పేజీలు తిప్పింది. "అబ్బా, ఎంత బాగున్నాయి ఆంటీ, మెలికలు!" అంది.

"అవి మెలికలు గాదు తల్లీ, మా మడి పటం," అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను.

"సరే ఆంటీ, సరే," అంటూ రసీదు రాసిచ్చింది. బస్సెక్కాక చదివితే అందులో "ముగ్గుల పుస్తకం, ఒకటి" అని ఉంది. అప్పుడే దిగి వెనక్కి పోవలసింది. పోలేదు. పటమని చెప్పాను కదా, గుర్తుంటుందిలే అనుకున్నాను.

రోజు 17. మొలకలు: 2

రెండు నేలతాడి ఆకులు విప్పాయి. బుల్లి విసనకర్రల్లా మడతలు మడతలుగా ఉన్నాయి. దక్షిణం గోడ పక్కన రాళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి, అందుకని అవి ముందు లేచాయి. మిగతా మడి అంతా నిశ్శబ్దం.

పక్కింటి వెంకటలచ్చుమ్మ వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్ద. మోకాళ్లు పట్టుకుపోయి, గోడ పట్టుకుని నడుస్తుంది. మడి ఒడ్డున నిలబడి, నేను చూపించిన రెండు ఆకుల్ని చాలాసేపు చూసింది.

"బాగుండాయి చౌడీ," అంది. "అయితే ఒక మాటడుగుతా, కోపం చేసుకోవద్దు. ఆ వెచ్చిల్లు వస్తే నేను పొద్దున లేసి మనిషి మాదిరి నడిసేదాన్ని. నీ గడ్డలు నా మోకాళ్ల కన్నా ఎక్కువనా?"

నాకు ఎవరి మీద పడితే వాళ్ల మీద అరవడం వచ్చు. ఆమె మీద అరవలేకపోయాను. "ఆ వెచ్చిల్లు ఇంకోతావ కట్టమని అడగరాదా అక్కా, మీరందరూ?" అన్నాను.

"మేం అడిగితే ఎవురింటారు? నువ్వంటే రాయగలవు."

ఆమెనూ నన్నూ ఒకరికొకరిని ఎదురు నిలబెట్టిందెవరు? మీరు. పొద్దంతా దీని గురించే ఆలోచిస్తూ రెండుసార్లు అన్నం మాడ్చాను.

రోజు 22. మొలకలు: 3

ఈ రోజు జరిగింది పూసగుచ్చినట్టు రాస్తాను.

ఆఫీసు నుంచి కవరొచ్చింది. పటం ఒప్పుకున్నారేమోనని అత్త ముందు కూర్చుని గట్టిగా చదివాను. "శ్రీమతి సుంకులమ్మ గారికి: వార్డు ఉగాది ముగ్గుల పోటీలో మీరు ప్రథమ బహుమతి పొందినందుకు అభినందనలు. బహుమతి స్టీలు బిందె కార్యాలయంలో తీసుకోగలరు."

కవరు చేత్తో పట్టుకుని లేచాను. చెప్పులేసుకుని పోయాను. ఆఫీసు ముందు రోడ్డు మీద, తెల్ల రంగుతో, యంత్రంతో గీయించారు. నిరుటి పేజీ. మా మడి. ఇరవై అడుగుల మడిని అరవై అడుగులు చేసి తారు మీద పరిచారు. దాని మీద పిల్లలు కుంటుడాట ఆడుతున్నారు. నడిచేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను నిలబడి బొమ్మలున్న చుక్కలు లెక్కపెట్టాను. నలభై ఐదు. కౌంటరు అమ్మాయిని అడిగితే ఏమందో తెలుసా? "ఒక పక్క సమంగా లేదాంటీ. మా సారు నాలుగు చుక్కలు కలపమన్నారు."

లేని నాలుగు గడ్డల్ని తారు మీద పుట్టించారు. ఉన్న నలభై ఒకటీ ఖాళీ!

పీరా బయటికి పరుగెత్తుకొచ్చాడు, నా గొంతు విని. "అక్కా, అది పటమని నాకర్థమైంది. పైకి రాసినా. సర్వేవాళ్లు గీసిందే పటం, ఇంకోరు గీసింది చెల్లదన్నారు."

"మరి బహుమతి ఎట్ల చెల్లింది?"

పీరా రోడ్డు మీదికి పోయి, ఆ పటం మీద ఆడే పిల్లల్ని పక్కకు తోలాడు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆమె నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "మొదటి బహుమతా? నిజంగానా? రెండోది ఎవురికంట?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

బిందె నేను తెచ్చుకోలేదు. మీరే పెట్టుకోండి.

రోజు 23. మొలకలు: 3

మిగిలింది పదిహేడు రోజులు. అత్త మళ్లీ వేలు పెట్టి చూసింది. "ఉగాది పోయినాక పదిదినాలకు లేస్తాయి," అంది. మా ఆయన ఫోనులో అదే చెప్పాడు, ఈ ఏడు గొడుగు రెక్క ఒకటి బాగుచెయ్యడానికి అడ్డంగా తిప్పారట, చలి ఇంకో రెండు వారాలు లాగుతుందట. గొడుగు మీదే, చలి మీదే, గడువు మీదే. లేవకపోతే తప్పు మాత్రం మా గడ్డలది.

ఉన్నది ఉన్నట్టు రాస్తానని మాటిచ్చాను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. మధ్యాహ్నం అత్త కునుకు తీసినప్పుడు వెచ్చరాళ్లు కాల్చాను. గోనెపట్టాలో చుట్టి రాళ్ల సందుల్లో, గడ్డలకు దగ్గరగా దించాను. పైన గోరువెచ్చటి నీళ్లు చల్లాను. క్వారీలో ఇరవై ఏళ్లు పనిచేశాను, రాయి వేడిని ఎంతసేపు పట్టుకుంటుందో నాకు తెలుసు. మీ రూలు ఆకు అడుగుతోంది కదా. ఇస్తాను ఆకు.

రోజు 26. మొలకలు: 5

దొరికిపోయాను.

"నా రాళ్లేవిమే?" అంది అత్త పొద్దున్నే. "రెండు దినాలుగా మూడే పెడతాండావు. కాళ్లు సల్లగైపోతాండాయి."

అబద్ధం చెప్పబోయి ఆగాను. చెప్పేశాను. ఆమె దుప్పట్లు పక్కకు తోసి లేచింది. గోడ తడుముకుంటూ మడి దగ్గరికి పోయింది. నా వెచ్చరాయి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకుంది.

"బలవంతంగా లేపుతాండావా? లేపి యాడికి పంపుతావు? బైట ఇంకా మంచు పడతానే ఉండాది గదా."

"అయితే ఏం చేయమంటావత్తా? నీ మడి మింద సిమెంటు పోస్తాంటే చూస్తా కూసోవాల్నా?"

"ఇది నా మడి గాదు, నీ మడి గాదు. అవి యా పొద్దుకు లేయాల్నో వాటికి తెలుసు. నీకు తెలీదు. ఆ ఆపీసోళ్లకీ తెలీదు. నీకూ వాళ్లకూ తేడా యాడుండాది?"

ఆ మాటకు నేను నోరు పారేసుకున్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అది మా ఇంటి విషయం. ఆమె రాళ్లు లేకుండా దుప్పట్లే కప్పుకుని పడుకుంటానంది. ఆరూ తీసుకో అంది. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

రోజు 30. మొలకలు: 9

లేస్తున్నాయి! అడవినాభి ఎర్రటి ముక్కులతో ఇసుక చీల్చుకుని వచ్చింది. పిల్లిపీచర రెండు చోట్ల ఊదా ఈటెల్లా లేచింది. కంద కాడ మీద పాము పొడలు. అత్త మాట్లాడటం లేదు. అడిగిన దానికి "ఊ" అంటుంది, అంతే.

రోజు 34. మొలకలు: 14

పీరా వచ్చాడు. పద్నాలుగు. ప్రతి ఆకు దగ్గరా వంగి, పెన్ను మొనతో చూపిస్తూ, గట్టిగా లెక్కపెట్టాడు. పద్నాలుగు! చివరిది లెక్కపెట్టి లేచి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "గెలిస్తివక్కా," అన్నాడు. వాడి కళ్లు కూడా తడిగా ఉన్నాయి. బోర్డు తెచ్చి గేటుకు కొట్టాడు: జీవనేల.

"చివరి దినం నేను రాను. నువ్వే లెక్క రాసి పుస్తకం పంపు. పన్నెండు దాటితే ఆ పొద్దు బోర్డు ఖాయం చేస్తారు. నీ మాట మింద నాకు నమ్మకం," అన్నాడు.

గేటు అవతల వెంకటలచ్చుమ్మ నిలబడి బోర్డు చదువుకుంది. గోడ పట్టుకుని లోపలికి పోయింది. నేను గెలిచిన రోజు కదా, సంతోషంగా ఉండాలి. ఉన్నాను. కానీ ఆమె వెనక తలుపు వేసుకున్న చప్పుడు ఇప్పటికీ వినబడుతోంది.

రోజు 37.

తెల్లవారి తొట్టి మీద మంచు రెండంగుళాల మందం. పారతో కొట్టినా పగలలేదు.

పార అక్కడే పడేసి మడి దగ్గరికి పోయాను. పద్నాలుగూ నల్లగా, నీళ్లు కారుతూ, రాళ్ల మీద వాలిపోయి ఉన్నాయి. నాభి ముక్కులు చెయ్యి తగలగానే ఊడొచ్చాయి. నక్కవుల్లి పూలకాడ, మీరు లెక్కలోకి రానివ్వనిది, అది కూడా పోయింది. వెచ్చరాళ్లు దించడం మొన్ననే ఆపేశాను, పని అయిపోయింది కదా అని. లెక్క కుదిరింది, నాకు చాలనుకున్నాను.

నా టైములో లేచి ఉంటే వాటికేం అయ్యేది కాదు. నా టైము అని పొరపాటున రాశాను. వాటి టైము.

రోజు 38.

అత్తకు చెప్పక్కర్లేకపోయింది. వాసనకే తెలిసింది. పీట వేసుకుని కూర్చుంది, పద్నాలుగు చోట్లా వేళ్లు మట్టిలో దించి గడ్డల్ని ఒత్తి చూసింది. నేను పక్కన నిలబడి ఆమె మొహం చూస్తున్నాను.

"ఇది గట్టిగుండాది. ఇదీ బాగుండాది. ఇది..." ఆగింది. వేళ్లు బయటికి తీసింది. వాటికి జిగురు అంటుకుంది. "ఇది మంచుకు పోలేదు చౌడీ. ఉడికిపోయింది."

పడమటి వైపు మూడు గడ్డలు. నేను వేడి రాళ్లు మరీ దగ్గరగా దించిన చోటు. రెండు నాభి, ఒక నక్కవుల్లి. ఉడకబెట్టిన ఉల్లిగడ్డల్లా మెత్తబడిపోయాయి. యంత్రం ముందు నడిచి ఏరుకొచ్చిన గడ్డలు. పద్దెనిమిదేళ్లు చలికి చావలేదు. ఎండకు చావలేదు. మీ సిమెంటుకు కూడా ఇంకా చావలేదు. నా చేతుల్లో చచ్చాయి.

నేను అక్కడే కూలబడ్డాను. తిడుతుందనుకున్నాను. అత్త మట్టి చేతిని నా తల మీద పెట్టి ఉంచింది.

"మిగిలినయ్యి బతికుండాయి," అంది. "ఈ ఏడు ఇంగ పైకి రావు. వచ్చే ఏడొస్తాయి, వాటికి ఇష్టమైనప్పుడు."

వచ్చే ఏడు. పైన సిమెంటు లేకపోతే.

రోజు 39.

వెంకటలచ్చుమ్మ వచ్చింది. నల్లబడ్డ మడి చూసి "అయ్యో అయ్యో" అంటూ మోకాళ్లు నొప్పెడుతున్నా వంగి కూర్చుంది. ఒక్కో వడిలిన కాడను చేత్తో పక్కకు తీసింది.

"చౌడీ, పద్నాలుగని రాసెయ్. ఆ పిల్లోడు రానన్యాడు గదా. నేనెవురికీ చెప్పను."

ఆ మాట అన్నది ఎవరో ఒకసారి ఆలోచించండి. మడి పోతే వెచ్చిల్లు వచ్చేది ఆమెకే. ఆమె మోకాళ్లకే. నా గడ్డల కోసం ఆమె ఆ మాట అంది. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

"నీకు వెచ్చిల్లు వద్దా అక్కా?"

"కావాల. ఎందుకొద్దు? అట్లని వీటి నెత్తిన కూసోని సలి కాగేదా?"

ఆమె పోయాక, అత్తను అడిగాను, ఏం రాయమంటావని. "పుస్తకం నీది," అంది. అంతే. నోరున్న మనిషి, అవసరమైనప్పుడు తెరవదు.

పద్నాలుగు అని రాయడానికి రెండు అంకెలు చాలు. పీరా నమ్ముతాడు. బోర్డు ఖాయమవుతుంది. వచ్చే ఏడు ఇవి లేస్తాయి కాబట్టి అది పెద్ద అబద్ధం కూడా కాదు. పొద్దున్నుంచి ఈ మాటే తిప్పి తిప్పి నాకు నేను చెప్పుకున్నాను.

రోజు 40.

ఇది చివరి పేజీ. గడి సరిపోలేదు, కింద నేనే గీతలు గీసి రెండు గడులు కలిపాను. మీరు రోడ్డు మీద నాలుగు చుక్కలు కలపగా లేనిది, నేను రెండు గడులు కలిపితే తప్పా?

పద్నాలుగని రాయను. ఉన్నదాన్ని లేదని మీరు రాశారు, నేను ఒంటికాలి మీద లేచాను. లేనిదాన్ని ఉందని నేను రాస్తే, ఇంక మీతో మాట్లాడటానికి నాకు మొహం ఉండదు. బోర్డు నేనే పీకి ఈ పుస్తకంతో పాటు పంపిస్తున్నాను. పీరాను ఏమీ అనకండి. అతను లెక్కపెట్టిన రోజు పద్నాలుగూ ఉన్నాయి, ఆకు విప్పే ఉన్నాయి. మోసం నాది.

వెచ్చిల్లు కట్టండి. వెంకటలచ్చుమ్మకు కావాలి, ఆమెలాంటి వాళ్లు ఈ సందులో పదకొండు మంది ఉన్నారు. సందు చివర చెత్త పోసే చోటు ఉంది. నేనే టేపు పెట్టి కొలిచాను: ఇరవై మూడు అడుగులు, పద్నాలుగు అడుగులు. గొట్టానికి ఒక్క మలుపు. గోడకు రాళ్లు నేను కోసిస్తాను, ఆ పని నాకు వచ్చు. అక్కడ నిజంగానే ఏమీ లేదు. కావాలంటే చలికాలంలో కాదు, ఏ కాలంలోనైనా వచ్చి చూసుకోండి.

మా మడి లెక్క ఇది. మా అత్త సుంకులమ్మ ఈ పొద్దున మడి అంతా తడిమి, ఒక్కో గడ్డనూ ఒత్తి చూసి చెప్పింది, నేను రాశాను. తప్పని మీకనిపిస్తే, మడి ఒడ్డున పీట ఉంది, చేతులు జేబుల్లోంచి తీసి, వంగి, వేలు మట్టిలో పెట్టి మీరే చూసుకోండి. అది చేయకుండా ఎవరు సిమెంటు తెచ్చినా ముందు నా మీద పొయ్యాలి, నేను మడిలోనే కూర్చుని ఉంటాను.

మొలకలు: 0.

నేల కింద బతికున్నవి: 38.

నేను చంపినవి: 3.